పల్లె క్లినిక్‌లో ఇంటిగ్రేటివ్ వైద్యం: ఉన్నవాటిలో మీకేది?

ఊరికి దగ్గర్లో ఉన్న ఒక్క క్లినిక్‌లో డాక్టరు గది పక్కనే యోగా క్లాసు, వారానికోసారి వచ్చే ఆక్యుపంక్చర్ (సన్నటి సూదులు గుచ్చే వైద్యం) నిపుణుడు, మసాజ్, ధ్యానం, ఆహార సలహా, మూలికా మందుల బీరువా కూడా ఉంటే సంతోషమే. కానీ నడుము పట్టేసి, ఆ రోజు పని మానుకుని, బస్సెక్కి వచ్చిన మనిషికి బోర్డు మీద జాబితా చూస్తే ఏం తెలుస్తుంది? వీటిలో తనకు పనికొచ్చేది ఏదో తెలియాలి. అన్నీ తలా కాస్త చేయించుకుంటే ఏదో ఒకటి గురి తగలకపోతుందా అనుకుంటారు చాలామంది. అలా చేస్తే డబ్బూ సమయమూ పోవడం ఒక ఎత్తు. తగ్గితే దేనివల్ల తగ్గిందో, వికటిస్తే దేనివల్ల వికటించిందో ఎవరికీ తెలియకపోవడం ఇంకో ఎత్తు.

ఈ సేవలను నేను మూడు గంపల్లో వేసి చూస్తాను. మనమే చేసేవి: వ్యాయామం, యోగా, తాయ్ చీ (నెమ్మదిగా ఒళ్లు కదిలించే చైనా వ్యాయామం), ధ్యానం, నిద్ర అలవాట్లు. వేరొకరితో చేయించుకునేవి: ఆక్యుపంక్చర్, మసాజ్, వెన్నెముక సర్దుబాటు. నోట్లో వేసుకునేవి: మూలికలు, విటమిన్లు, సప్లిమెంట్లు. క్లినిక్ దూరంగా ఉన్నవాళ్లకు నేను చెప్పే వరస కూడా ఇదే. మొదటి గంప ముందు, రెండోది దానికి తోడు, మూడోది అన్నిటికన్నా ఆఖరున, అదీ డాక్టరుకు చూపించాకే. మొదటి గంపలోది ఒకసారి నేర్చుకుంటే ఇంటికి వచ్చేస్తుంది. రెండోదానికి ప్రతిసారీ బస్సెక్కాలి. మూడోది తేలిగ్గా దొరుకుతుంది, చిక్కులన్నీ దానితోనే.

కలిపి చేసేదా, బదులుగా చేసేదా?

ముందుగా తేల్చుకోవాల్సింది ఇది. మామూలు వైద్యం సాగుతూ ఉండగానే రుజువున్న ఇతర పద్ధతులను తోడు చేసుకోవడమే ఇంటిగ్రేటివ్ వైద్యం. మందులు ఆపేసి అటు మారిపోవడం వేరే సంగతి. 2018లో అమెరికాలో ఒక అధ్యయనం వచ్చింది. రొమ్ము, ప్రోస్టేట్, ఊపిరితిత్తులు, పెద్దపేగు క్యాన్సర్ ఇంకా దూరానికి పాకని దశలో ఉండగా, మామూలు చికిత్స వద్దనుకుని ప్రత్యామ్నాయ వైద్యాన్ని మాత్రమే నమ్ముకున్న 281 మందిని, చికిత్స తీసుకున్నవాళ్లతో పోల్చారు. మొదటివాళ్లకు చనిపోయే ముప్పు 2.5 రెట్లు ఉంది. రొమ్ము క్యాన్సర్‌లో ఐదు రెట్లు దాటింది. సూదుల కోసమో ఆకుల కోసమో అసలు చికిత్స వదిలేసుకుంటే జరిగేది అదే.

కాబట్టి "ఆ మాత్రలు ఆపితేనే నా వైద్యం పనిచేస్తుంది" అని ఎవరైనా అంటే, ఎంత పేరున్న మనిషైనా సరే, అక్కడి నుంచి లేచి వచ్చేయండి. షుగర్, బీపీ, మూర్ఛ, టీబీ, థైరాయిడ్ మందులు వాడేవాళ్లకు ఇది మరీ ముఖ్యం.

క్లినిక్ నిజంగా కలిపి చేస్తోందో, ఒకే కప్పు కింద ఇద్దరు ముగ్గురు వేర్వేరు దుకాణాలు పెట్టారో తెలుసుకోవడానికి ఒక్క ప్రశ్న చాలు. "ఆక్యుపంక్చర్ చేసే ఆయన రాసేది కూడా డాక్టరు గారు చూసే కేస్ షీట్‌లోనే ఉంటుందా?" అని అడగండి. అవునంటే సగం పని అయినట్టే. "లేదండీ, ఆయనది వేరే పుస్తకం" అంటే, ఆ రెండింటినీ కలిపే పని మీ మీదే పడుతుంది. అప్పుడు ఒక చిన్న నోటుబుక్ మీరే పెట్టుకోవాలి. ఎవరు ఏం చేశారు, ఏం ఇచ్చారు, ఏ తేదీన అన్నది రాసుకుని ప్రతి గదిలోనూ చూపించాలి.

ఏ సేవ ఎంచుకోవాలన్న ఆలోచన కూడా పెట్టుకోకుండా నేరుగా డాక్టరు దగ్గరికి, అవసరమైతే పెద్దాసుపత్రికి వెళ్లాల్సిన సందర్భాలు కొన్ని ఉన్నాయి. నడుము నొప్పితో పాటు మూత్రం, విరేచనం అదుపు తప్పడం, మూత్రం బిగబట్టేయడం, తొడల మధ్య స్పర్శ పోవడం, కాలు బలహీనపడటం వాటిలో మొదటివి. నొప్పితో జ్వరం, కారణం లేకుండా బరువు తగ్గడం, ఇంతకుముందు క్యాన్సర్ ఉండటం, ఎత్తు నుంచి పడటం కూడా అంతే. ఎన్నడూ లేనంత తలనొప్పి ఒక్కసారిగా పట్టుకున్నా, ఛాతీలో నొప్పి వచ్చినా, మూతి వంకర పోయినా యోగా క్లాసు సంగతి తర్వాత.

నడుము నొప్పి: అన్నిటికన్నా ఎక్కువ పోటీ ఇక్కడే

ఇలాంటి క్లినిక్‌లకు ఎక్కువగా తెచ్చే బాధ ఇదే, ఎక్కువ పరిశోధన జరిగిందీ దీని మీదే. అందుకే ఇక్కడ కాస్త నిదానంగా పోల్చుదాం.

నొప్పి వచ్చి కొద్ది వారాలే అయితే పెద్దగా ఎంచుకోవాల్సిన పని లేదు. చాలామందికి దానంతటదే తగ్గుతుంది. వేడి కాపడం, ఓపినంత మేర నడవటం, మంచం పట్టకుండా ఉండటం సరిపోతుంది. అమెరికా వైద్యుల సంఘం ఏసీపీ 2017లో ఇచ్చిన మార్గదర్శకాలు కూడా కాపడం, మసాజ్, ఆక్యుపంక్చర్, వెన్నెముక సర్దుబాటు లాంటివే ముందు చూడమన్నాయి, మాత్రలను ఆ తర్వాతే చెప్పాయి.

పన్నెండు వారాలు దాటిందంటే అది దీర్ఘకాలిక నొప్పి, అప్పుడు ఎంపిక అవసరం. దీనికి అదే సంఘం ముందు చూడమన్నవాటిలో వ్యాయామం, యోగా, తాయ్ చీ, ఈ క్షణం మీద మనసు నిలపడం నేర్పే మైండ్‌ఫుల్‌నెస్ శిక్షణ, ఆక్యుపంక్చర్, ఆలోచనా విధానాన్ని మాటల ద్వారా సరిచేసే సీబీటీ ఉన్నాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 డిసెంబరులో దీర్ఘకాలిక నడుము నొప్పికి మొదటిసారి మార్గదర్శకాలు ఇచ్చింది. వ్యాయామం, అవగాహన కల్పించడం, మసాజ్, సీబీటీ లాంటివి చేయొచ్చన్నది. నడుముకు బెల్టు, బరువులు కట్టి లాగే ట్రాక్షన్, ఓపియాయిడ్ (నల్లమందు తరహా) నొప్పి మాత్రలు మామూలుగా వద్దన్నది. బెల్టు పెట్టుకుని ఏళ్లు గడిపేసినవాళ్లు ఈ వాక్యం దగ్గర ఒక్క క్షణం ఆగాలి.

యోగానా, ఫిజియోథెరపీనా అన్న ప్రశ్నకు చక్కటి జవాబు 2017లో వచ్చింది. బోస్టన్‌లో సామాజిక ఆరోగ్య కేంద్రాలకు వచ్చే, ఎక్కువగా తక్కువ ఆదాయమున్న 320 మందిని మూడు గుంపులు చేశారు. ఒక గుంపుకు 12 వారాల పాటు వారానికో యోగా క్లాసు, ఇంకో గుంపుకు 15 సార్లు ఫిజియోథెరపీ, మూడో గుంపుకు నడుము నొప్పి గురించిన పుస్తకం. నొప్పి, పని చేసుకోగలగడం రెండింట్లోనూ యోగా ఫిజియోకు తీసిపోలేదు. ఆ రెండు గుంపుల్లోనూ నొప్పి మాత్రలు వాడేవాళ్లు పుస్తకం గుంపులో కన్నా తగ్గారు. క్లినిక్ నడిపేవాళ్లకు కూడా ఇది ఉపయోగపడే సంగతి. ఫిజియోథెరపిస్టు ఒక్కొక్కరిని విడిగా చూడాలి. యోగా టీచర్ ఒకే గంటలో పది మందిని చూడగలరు. ఫిజియోథెరపిస్టు దొరకని చోట యోగా క్లాసును తక్కువరకం సర్దుబాటుగా చూడనక్కర్లేదు. కాకపోతే ఆ టీచరుకు నడుము నొప్పి ఉన్నవాళ్లతో పనిచేసిన అనుభవం ఉండాలి. మొదటి రోజే కాలి వేళ్లు అందుకోమనేవాళ్లు దీనికి సరిపోరు.

"రోజంతా ఒంగి పనిచేసేవాణ్ణి, నాకు మళ్లీ వ్యాయామమేంటి?" అనే మాట పల్లెల్లో తరచూ వినపడుతుంది. అడగాల్సిన ప్రశ్నే. గంటల తరబడి ఒకే వంపులో బరువు మోసే పని ఒకే కండరాలను వాడుతుంది, మిగిలినవాటిని వదిలేస్తుంది. క్లినిక్‌లో నేర్పే వ్యాయామం ఆ వదిలేసినవాటి కోసం. అందుకే టీచరుకు ముందుగా మీ పని ఎలాంటిదో చేసి చూపించండి. బస్తా ఎలా ఎత్తుతారు, ఎంతసేపు గొంతుకూర్చుంటారు, ఏ చేత్తో లాగుతారు, అన్నీ. రెండు నిమిషాల ఆ ప్రదర్శన కాగితం మీద అరపేజీ చరిత్ర కన్నా ఎక్కువ చెబుతుంది.

నొప్పి వల్ల భయం పట్టుకుని కదలడమే మానేసినవాళ్లకు, నొప్పితో పాటు టెన్షన్, నిద్రలేమి ఉన్నవాళ్లకు నేను మైండ్‌ఫుల్‌నెస్ లేదా సీబీటీ ముందు చూడమంటాను. మైండ్‌ఫుల్‌నెస్ కోర్సును జాన్ కబాట్ జిన్ 1979లో మసాచుసెట్స్‌లోని ఒక ఆసుపత్రిలో, మందులకు లొంగని నొప్పులున్నవాళ్ల కోసమే మొదలుపెట్టారు. 2016లో 342 మందితో చేసిన ప్రయోగంలో, 26 వారాల తర్వాత రోజువారీ పనుల్లో చెప్పుకోదగ్గ మెరుగు కనిపించినవాళ్లు మైండ్‌ఫుల్‌నెస్ గుంపులో సుమారు 60 శాతం, సీబీటీ గుంపులో 58 శాతం, మామూలు చికిత్సలో 44 శాతం. ఆ రెండింటి మధ్య తేడా లేదనే చెప్పాలి. ఏది దగ్గర్లో దొరికితే అది తీసుకోండి.

ఇక చేయించుకునేవి. ఆక్యుపంక్చర్ మీద వాదన ఎప్పటికీ తెగదు. 2018లో 39 ప్రయోగాల్లోని 20,827 మంది వివరాలను కలిపి చూస్తే, దీర్ఘకాలిక నొప్పులకు అసలు సూదులు ఉత్తుత్తి సూదుల కన్నా మెరుగ్గా తేలాయి, కానీ ఆ తేడా చిన్నది. ఏమీ చేయించుకోనివాళ్లతో పోలిస్తే తేడా పెద్దది. వచ్చిన మెరుగులో చాలా భాగం ఏడాది దాకా నిలిచింది. అంటే సూది గుచ్చడమే కాక, ఒకరు కూర్చోబెట్టి, అరగంట పడుకోబెట్టి, శ్రద్ధగా చూడటం కూడా ఇందులో కొంత పని చేస్తోందన్నమాట. నొప్పి ఉన్న మనిషికి అదీ తక్కువేం కాదు. ఒకసారి వాడి పారేసే సూదులేనా అన్నది మాత్రం కళ్లతో చూసి నమ్మండి. కవరు మీ ముందే చించాలి.

మసాజ్ హాయిగా ఉంటుంది, పనీ చేస్తుంది. 2011లో 401 మందితో చేసిన ప్రయోగంలో వారానికోసారి చొప్పున పది వారాలు చేయించుకున్నవాళ్లు మామూలు చికిత్స గుంపు కన్నా బాగుపడ్డారు. విచిత్రమేమిటంటే ఒళ్లు సడలేందుకు చేసే మామూలు మసాజ్‌కూ, కండరాల వరసలు పట్టి చేసే ప్రత్యేక మసాజ్‌కూ తేడా కనపడలేదు. ఖరీదైన రకం కోసం వెతుక్కోనక్కర్లేదు. ఏడాది గడిచేసరికి లాభం చాలావరకు కరిగిపోయింది. వెన్నెముక సర్దుబాటు నడుముకు ఓ మోస్తరుగా పనిచేస్తుంది. మెడను గట్టిగా తిప్పించుకోవడం మాత్రం నేనైతే వద్దనే అంటాను. అరుదే కానీ మెడలోని రక్తనాళం చీలి పక్షవాతం వచ్చిన సందర్భాలు ఉన్నాయి. ఎముకలు గుల్లబారినవాళ్లు, రక్తం పలచబడే మందు వాడేవాళ్లు దాని జోలికి పోకూడదు.

మొత్తానికి నడుము నొప్పికి, కదలగలిగితే యోగా లేదా వ్యాయామంతోనే మొదలుపెట్టండి. కదలలేనంత పట్టేసి ఉంటే ఆక్యుపంక్చరో మసాజో కొన్ని సార్లు చేయించుకుని, కాస్త వదులు కాగానే వ్యాయామంలోకి దిగండి. మసాజ్ దగ్గరే ఆగిపోతే ఏడాది తర్వాత మళ్లీ అదే బల్ల మీద ఉంటారు.

మోకాళ్లు, తలనొప్పి

మోకాళ్ల అరుగుదలకు తాయ్ చీ చేయించే మనిషి దొరికితే అదృష్టమే. 2016లో 204 మందితో పోల్చినప్పుడు 12 వారాల తాయ్ చీ ఫిజియోథెరపీతో సమానంగా నొప్పి తగ్గించింది. దిగులు తగ్గడంలో తాయ్ చీయే మెరుగు. పెద్దవయసువాళ్లు తూలి పడకుండా నిలదొక్కుకోవడానికీ అది పనికొస్తుంది. బీరువాలో ఉండే గ్లూకోసమైన్, కాండ్రాయిటిన్ మాత్రల సంగతి చూస్తే, 2006లో 1,583 మందితో జరిగిన పెద్ద ప్రయోగంలో మొత్తం మీద అవి ఉత్తి మాత్ర కన్నా మెరుగని తేలలేదు. వాటికి పెట్టే డబ్బుతో మంచి చెప్పులు కొనుక్కోవచ్చు.

మైగ్రేన్ తరచూ వస్తుంటే వరస మారుతుంది, చేయించుకునేది ముందుకొస్తుంది. కనీసం ఆరుసార్లు ఆక్యుపంక్చర్ చేయించుకుంటే నొప్పి వచ్చే రోజులు తగ్గుతాయనడానికి మంచి ఆధారాలున్నాయి. రోజూ నివారణ మాత్ర వేసుకోవడం పడనివాళ్లకు ఇది నిజమైన ఎంపికే. ఆ ఆరుసార్లు బస్సు ప్రయాణమే తలనొప్పి తెప్పిస్తే మాత్రం మాత్రే మేలు.

నిద్ర, దిగులు

నెలల తరబడి నిద్ర పట్టనివాళ్లు సాధారణంగా నోట్లో వేసుకునేదే అడుగుతారు. ఇక్కడ మాత్రం నేను గట్టిగా పట్టుబడతాను. ఏసీపీ 2016లోనే పెద్దవాళ్లలో దీర్ఘకాలిక నిద్రలేమికి మొదటి చికిత్స నిద్రకు ప్రత్యేకించిన సీబీటీయేనని చెప్పింది. అందులో చేయించేది వింటే చిన్నదిగా ఉంటుంది. రోజూ ఒకే సమయానికి లేవడం, నిద్ర రాకపోతే మంచం దిగిపోవడం, మంచం మీద గడిపే గంటలను నిజంగా నిద్రపోయే గంటలకు తగ్గించడం. మొదటి రెండు వారాలు కష్టంగా ఉంటుంది, పగలు తూగు వస్తుంది. బండి నడిపేవాళ్లు, యంత్రాల మీద పనిచేసేవాళ్లు ముందే చెప్పాలి. తర్వాత నిలబడుతుంది. నర్సు ఫోన్‌లో నేర్పగలిగిన చికిత్స ఇది, దూరం అడ్డు కాదు.

దానికి పోటీగా కొట్లో దొరికేది మెలటోనిన్ అనే నిద్ర హార్మోన్ మాత్ర. 2017లో కెనడా పరిశోధకులు 31 మెలటోనిన్ ఉత్పత్తులను పరీక్షించారు. లేబుల్ మీద రాసినదానికన్నా 83 శాతం తక్కువ ఉన్న సీసా నుంచి 478 శాతం ఎక్కువ ఉన్న సీసా దాకా దొరికాయి. ఎంత వేసుకుంటున్నామో తెలియని మందుతో దేన్నైనా ఎలా పోలుస్తాం?

దిగులుకు వాడే సెయింట్ జాన్స్ వర్ట్ అనే మూలిక సంగతి ఇంకా పాఠం లాంటిది. తేలికపాటి, మధ్యస్థ డిప్రెషన్‌కు అది నిజంగా పనిచేస్తుందని చాలా ప్రయోగాలు చూపించాయి. పనిచేస్తుంది కాబట్టే ప్రమాదం కూడా. మిగతా మందులను కాలేయం త్వరగా విరిచేసేలా చేస్తుంది. హెచ్ఐవీ మందు ఇండినావిర్ ఒంట్లో ఉండే మోతాదును అది 57 శాతం తగ్గించిందని 2000లోనే తేలింది. గర్భనిరోధక మాత్రలు, రక్తం పలచబడే వార్ఫరిన్, అవయవ మార్పిడి తర్వాత వాడే సైక్లోస్పోరిన్ బలం కూడా ఇలాగే తగ్గుతుంది. డిప్రెషన్ మాత్రలతో కలిస్తే వేరే రకం ప్రమాదం, ఒంట్లో సెరటోనిన్ అనే రసాయనం మితిమీరుతుంది. ఏ మాత్రా వాడని మనిషికి డాక్టరు పర్యవేక్షణలో ఫర్వాలేదేమో. వాడేవాళ్లకు నేను చెప్పను.

షుగర్, బీపీ

షుగర్ హద్దు మీద ఉన్నవాళ్లకు ఎంపిక తేలిక. 2002లో 3,234 మందితో ముగిసిన ప్రయోగంలో వారానికి 150 నిమిషాల నడక, 7 శాతం బరువు తగ్గడం లక్ష్యంగా పెట్టుకున్నవాళ్లలో షుగర్ జబ్బుగా మారే అవకాశం 58 శాతం తగ్గింది, మెట్‌ఫార్మిన్ మాత్రతో 31 శాతం. ఇప్పటికే జబ్బు ఉండి మందు వాడుతున్నవాళ్లు నడక, ఆహారం, యోగా అన్నీ కలుపుకోవచ్చు. మాత్ర తగ్గించడం, ఆపడం మాత్రం రక్తపరీక్ష చూసి డాక్టరే చెప్పాలి. బీపీ ఉన్నవాళ్లు అతిమధురం కలిసిన దగ్గు, కడుపు మందుల మీద కన్నేసి ఉంచాలి. ఎక్కువ రోజులు వాడితే బీపీ పెంచుతుంది, పొటాషియం తగ్గిస్తుంది.

నోట్లో వేసుకునేవి: సంచి బోర్లించండి

క్లినిక్‌లో నేను చూడాలనుకునే దృశ్యం ఒకటుంది. రోగి తన సంచిని నర్సు బల్ల మీద బోర్లిస్తాడు. డాక్టరు రాసిన బీపీ మాత్రల స్ట్రిప్పు, ఎవరో బంధువు తెచ్చిచ్చిన పసుపు క్యాప్సూళ్ల సీసా, లేబుల్ లేని నల్లటి లేహ్యం డబ్బా, మోకాళ్లకని కొన్న గింకో అనే మూలిక బిళ్లలు, కాగితంలో మడిచిన పొడి. నర్సు ఒక్కొక్కటీ తీసి పేరు, మోతాదు, ఎప్పట్నుంచి అన్నది రాసుకుంటుంది. "ఇది మందు కాదమ్మా, ఉత్తి ఆకు పసరు" అని రోగి పక్కకు నెడితే, దాన్నే ముందు రాస్తుంది. ఈ పని చేసే క్లినిక్‌లో మూలికా మందు తీసుకోవచ్చు. చేయని క్లినిక్‌లో బీరువా ఎంత అందంగా ఉన్నా వద్దు.

ఎందుకంటే "మొక్కే కదా" అన్న ధీమా చాలామంది మూత్రపిండాలను తినేసింది. 1990ల మొదట్లో బెల్జియంలో సన్నబడేందుకని ఒక క్లినిక్ ఇచ్చిన చైనా మూలికల్లో పొరపాటున ఆరిస్టోలోకియా అనే విషపు మొక్క కలిసి, వందకు పైగా మందికి కిడ్నీలు దెబ్బతిన్నాయి. 2008లో ఆన్‌లైన్‌లో అమ్మే 193 ఆయుర్వేద ఉత్పత్తులను అమెరికాలో పరీక్షిస్తే, దాదాపు ఐదింట ఒకదానిలో సీసం, పాదరసం లేదా ఆర్సెనిక్ దొరికింది. ఆయుర్వేదం మొత్తం విషమని దీనికి అర్థం కాదు. ఎవరు తయారు చేశారో, పరీక్ష చేయించారో లేదో తెలియని డబ్బా మాత్రం వద్దు. ఈమధ్య ఎక్కువ మోతాదు పసుపు సారం, అశ్వగంధ క్యాప్సూళ్ల వల్ల కాలేయం దెబ్బతిన్న కేసులు కూడా నమోదవుతున్నాయి. కళ్లు పచ్చబడినా, మూత్రం ముదురు రంగులోకి మారినా వెంటనే ఆపి చూపించుకోవాలి.

గింకో, వెల్లుల్లి సారం రక్తం పలచబడే మందులతో కలిస్తే రక్తస్రావం ముప్పు పెరగొచ్చు. ఆపరేషన్ ఉందంటే మూలికలను రెండు వారాల ముందే ఆపమని మత్తు డాక్టర్లు సాధారణంగా చెబుతారు. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, చిన్నపిల్లలకు నోటి మందుల గంపను మూసేసే ఉంచండి. వేవిళ్లకు అల్లం, మణికట్టు మీద నొక్కే పద్ధతి లాంటి ఒకటి రెండు మినహాయింపులున్నా, అవీ డాక్టరుకు చెప్పే.

హోమియోపతి గురించి అడుగుతారు కాబట్టి ఒక మాట. ఆస్ట్రేలియా జాతీయ వైద్య పరిశోధన మండలి 2015లో ఆధారాలన్నీ పరిశీలించి, అది పనిచేస్తుందనడానికి నమ్మదగిన రుజువున్న జబ్బు ఒక్కటీ లేదని తేల్చింది. నా జాబితాలో దానికి చోటు లేకపోవడానికి కారణం అదే.

సేవ ఎలా అందుతోందన్నదీ చూడాలి

ఒకే చికిత్స ఒక క్లినిక్‌లో కలిసొచ్చి ఇంకోచోట కలిసిరాకపోవడానికి చాలాసార్లు కారణం అది అందించే తీరే. వారానికోసారి పట్నం నుంచి వచ్చే నిపుణుడు చెయ్యి తిరిగినవాడే కావచ్చు. వాన పడి దారి మూసుకుపోతే ఆ వారం లేనట్టే. అదే క్లినిక్ నర్సుకే ఒక చిన్న పద్ధతి నేర్పితే రోజూ దొరుకుతుంది. చెవికి ఐదేసి సూదులు పెట్టి, పది మందిని కుర్చీల్లో వరసగా కూర్చోబెట్టే నాడా పద్ధతి ఇలా వ్యాపించిందే. న్యూయార్క్ సౌత్ బ్రాంక్స్‌లోని లింకన్ ఆసుపత్రిలో మత్తుమందులు మాన్పించే విభాగంలో పుట్టింది. వ్యసనం మాన్పించడంలో దానికదే సరిపోతుందని గట్టిగా రుజువు కాలేదు. ఆందోళన తగ్గి కౌన్సెలింగ్‌కు కూర్చోవడానికి తోడుగా వాడుకోవచ్చు.

వీడియో క్లాసులంటే పెద్దవాళ్లు పెదవి విరుస్తారు. కానీ దీర్ఘకాలిక నడుము నొప్పికి 12 వారాల ఆన్‌లైన్ యోగా ఉపయోగపడిందని 2024లో ఒక ప్రయోగం చూపించింది. మొదటి ఒకటి రెండు సార్లు ఎదురుగా నేర్చుకుని, తర్వాత ఫోన్‌లో కొనసాగించడం నాకు నచ్చిన మధ్యేమార్గం. సిగ్నల్ అందని ఇంటికి అదే పాఠాన్ని నర్సు ఆడియోగా ఇవ్వొచ్చు.

గుంపుగానా, ఒంటరిగానా అన్నది పల్లెలో సున్నితమైన విషయం. గుంపులో ఖర్చు తక్కువ, ఎక్కువ సమయం దొరుకుతుంది, "నాకొక్కదానికే కాదు" అన్న ధైర్యం వస్తుంది. ఎనిమిది నుంచి పన్నెండు మంది గర్భిణులను కలిపి చూసే పద్ధతి అమెరికాలో బాగా నిలదొక్కుకుంది కూడా. కానీ చిన్న ఊళ్లో ఆ వృత్తంలో కూర్చున్నది మీ ఆడపడుచో, పక్క చేను ఆయనో కావచ్చు. ఇంట్లో గొడవలు, తాగుడు, గర్భస్రావం, మానసిక బాధ లాంటివి ఉంటే మొదట విడిగా మాట్లాడే అవకాశం అడగండి. వ్యాయామానికి గుంపు, మాటలకు గది. ఆ రెండూ ఇవ్వగలిగిన క్లినిక్‌కు రెండు మైళ్లు ఎక్కువ దూరమైనా వెళ్లొచ్చు.

ఎన్నాళ్లు చూడాలి?

"ఇంకొన్ని సిట్టింగులు అవసరం" అన్న మాటకు అంతు ఉండదు, అందుకే హద్దు ముందే పెట్టుకోవాలి. నొప్పికి డాక్టర్లు వాడే పీఈజీ కొలమానం మూడే ప్రశ్నలు. గత వారంలో సగటున నొప్పి ఎంత, అది మీ సంతోషానికి ఎంత అడ్డొచ్చింది, మామూలు పనులకు ఎంత అడ్డొచ్చింది. ఒక్కోదానికి 0 నుంచి 10 మధ్య అంకె వేసి, మూడింటి సగటు తీయండి. చికిత్సకు ముందొకసారి, ఆరు వారాలకొకసారి. 30 శాతం తగ్గితే అది నిజమైన మార్పు. 7 ఉన్నది 5 దగ్గర ఆగితే దాదాపు వచ్చినట్టే, ఇంకో నాలుగు వారాలు చూడొచ్చు. 7 ఉన్నది 6 దగ్గరే ఉంటే మారడం మంచిది.

అమెరికా ప్రభుత్వ బీమా మెడికేర్ 2020 జనవరి నుంచి దీర్ఘకాలిక నడుము నొప్పికి ఆక్యుపంక్చర్ ఖర్చు ఇస్తోంది, అదీ ఇలా లెక్కపెట్టే. 90 రోజుల్లో 12 సార్లు వరకు, మెరుగు కనిపిస్తేనే ఇంకో 8, ఏడాదికి 20కి మించకుండా. మెరుగు లేకపోతే అక్కడితో ఆపాలి. మన జేబులోంచి పెట్టేటప్పుడు కూడా ఇదే లెక్క పెట్టుకోవచ్చు. ఒక్కసారికి ఒక్క కొత్త చికిత్సే మొదలుపెట్టండి. ఆ మూడు అంకెలు నోటుబుక్ మొదటి పేజీలోనే తేదీతో రాసిపెట్టుకుంటే, ఆరో వారంలో "తగ్గినట్టే ఉందండీ" అని మొహమాటపడాల్సిన అవసరం రాదు.